పుంజు లేని ఏడాది

మా వీధి చివరి దుకాణం నుంచి తెచ్చిన అట్ట ట్రేలో ముప్ఫై గుడ్లు ఉంటాయి, అన్నీ ఒకే తెలుపు, ఒకే సైజు. దారిలో వాన తుంపర తగిలి ఆ అట్ట తడిస్తే పాత తవుడు వాసన లాంటిదొకటి వస్తుంది. అది ముక్కుకు తగిలితే చాలు, అరవైల చివరి శ్రావణమాసం ఒకటి, రాజాం దారిలో మా తోట ఇల్లు, వంటింటి మూల తవుడు పోసిన వెదురుబుట్ట, అందులో ఈకలు ఉబ్బించుకుని కూర్చున్న బూడిదరంగు పెట్ట, అన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి. వాటితో పాటు మా చిన్నమ్మ కూడా.

మా ఇల్లు ఊరికి అరకోసు దూరంలో పొలాల మధ్య ఒంటరిగా ఉండేది. చుట్టూ జీడిమామిళ్లు, పనసచెట్లు, వాటి అవతల వరిమళ్లు, గోగుచేలు. గోగు కోసి నీళ్లలో నానేస్తే ఆ కుళ్లు వాసన రోజుల తరబడి మా అన్నంలోకి కూడా వచ్చేది. "ఆ నార నెల్లిమర్ల మిల్లుకి ఎల్తే గాని మనకి గుడ్డలు రావు, ముక్కు మూసుకోని తినండర్రా" అనేవాడు నాన్న. పొద్దున్నే రాగిపిండితో కాచిన చోడంబలిలోకి ఉల్లిపాయ నంజుకోవడం, వేసవిలో పనసతొనల జిగురు చేతులకు నూనె రాసుకోవడం, జీడిపిక్కలు కాల్చుకుని మూతులు పొక్కించుకోవడం, మధ్యాహ్నాలు చింతపిక్కలతో గుంటలాట, ఇదీ మా లోకం. నాన్నను కన్న మా మామ్మ అరుగు మీద కూర్చుని అడ్డచుట్ట కాల్చేది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కూడా ఇంటిల్లిపాదినీ తిట్టగలిగిన మనిషి ఆవిడ.

చిన్నమ్మ మా బాబాయి భార్య. నౌపడ వైపు ఉప్పుమళ్ల పక్క ఊరి నుంచి వచ్చింది. కాపురానికొచ్చి ఏడేళ్లయినా కడుపు పండలేదు. కానీ ఆమె మట్టిలో ఏది గుచ్చినా బతికేది. మునగకొమ్మ నరికి పాతితే వారం తిరిగేసరికి చిగురు పెట్టేది. కంద ముక్క, చేమదుంప, తమలపాకు తీగ, ఏదీ ఆమె మాట కాదనేది కాదు. నూతి పక్క ఒక్క అరటిపిలక నాటింది, రెండేళ్లలో అది పెద్ద పొదైపోయింది. ఒకసారి రణపాల ఆకు తెంపి నా పుస్తకంలో పెట్టింది. కొన్నాళ్లకు తెరిచి చూస్తే ఆకు అంచునే బుల్లి మొక్కలు, వాటికి దారాల్లాంటి వేళ్లు. "ఈటికి పెళ్లీ నేదు, పేరంటం నేదు. పిల్లల్ని మాత్రం ఎలాగ కంటన్నాయో సూడమ్మా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది, ఎందుకో ఆ వయసులో తెలియలేదు.

ఆ వేసవిలో ఊళ్లో అమ్మవారి సంబరం. చిన్నమ్మ కడుపు పండాలని మామ్మ కోడిపుంజును మొక్కుకుంది. అప్పటికే ఎండాకాలపు తెగులుకి మా కోళ్లన్నీ తలలు వాల్చేశాయి, మిగిలింది ఒక డేగ పుంజు, ఒక బూడిద పెట్ట. పుంజును పసుపు నీళ్లతో కడిగి, కాళ్లు కట్టి తీసుకెళ్లారు. డప్పులు, ఘటాలు, వేపాకు వాసన, పెనం మీంచి దిగుతున్న అట్లు, కారం దిట్టంగా పట్టించిన కోడికూర. తొలి ముద్ద చిన్నమ్మకు తినిపించారు. మేం పిల్లలం బొమికలు చీక్కుంటూ, ఇక చిన్నమ్మకు బాబు పుడతాడని ఒకరికొకరం చెప్పుకున్నాం. కొత్త పుంజును పంటలయ్యాక కొనవచ్చులే అనుకున్నారు పెద్దవాళ్లు.

వానలు పడ్డాయి, బడి తెరిచారు. సైన్సు మాస్టారు మందారపువ్వు కోసి పుప్పొడి, కీలాగ్రం అన్నీ వేలితో చూపించి చెప్పారు. జంతువుల దగ్గరికొచ్చేసరికి దగ్గి, "ఇది ఇంటికాడ సదువుకోండి" అని రెండు పేజీలు కలిపి తిప్పేశారు. చదవొద్దన్నట్టు దాటేసిన పేజీని చదవకుండా ఉండే పిల్లలుంటారా? జీడిమామిడి చెట్టెక్కి చదివాను. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుందట, కానీ వాటిని ఎంత పొదిగినా పిల్లలు కావట. ఆ ముక్క చదివి చెట్టు దిగేసరికి మా పెట్ట పొదుగుకొచ్చి క్లుక్ క్లుక్‌మంటోంది. పుంజు పోయిన రెండు నెలలకు పెట్టిన గుడ్లవి, పదమూడు.

మామ్మ అందరినీ పిలిచింది. "సిన్నకోడలి సేత్తోనే పొదగెయ్యండి. పిల్లలు లేస్తే అమ్మోరు మొక్కు అందుకున్నట్టు. నేకపోతే మా సిన్నోడికి ఇంకో సంబందం సూస్తాను" అంది.

పెట్టను పొదగేసే చెయ్యి మంచిదైతేనే పిల్లలు లేస్తాయని మా ఇళ్లలో నమ్మకం. చిన్నమ్మ తలంటు పోసుకుని, బుట్టలో తవుడు పోసి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఇనపమేకు, ఎండుమిరపకాయ, బొగ్గుముక్క పెట్టి, ఒక్కొక్క గుడ్డూ పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టింది. నేను ఉండబట్టలేక "మామ్మా, మనకి పుంజు నేదు కదా" అన్నాను.

"అయితే ఏటి?"

ఆ తర్వాతి మాట నా నోట్లోంచి రాలేదు. వస్తే పుంజుకూ పెట్టకూ ఏమవుతుందో చెప్పాలి. పన్నెండేళ్ల ఆడపిల్ల నాన్న ముందు, బాబాయి ముందు ఆ మాట ఎలా చెబుతుంది? అమ్మ అప్పటికే నా తొడ మీద గట్టిగా గిల్లింది.

మర్నాడు నూతి దగ్గర చిన్నమ్మకు పాఠమంతా చెప్పేశాను. ఆమె చేద లాగుతూనే వింది. "నాకు తెల్దేటమ్మా? కోళ్లని ఎరగనా? నాను సెప్తే గొడ్డుది సాకులు సెప్తాందంటారు. నువ్వు సెప్తే నీ సదువు మానిపిస్తారు. ఊరుకో" అంది. నేను ఊరుకున్నాను. నా చదువు దక్కింది.

తెలిసి కూడా ఆమె ఆ పెట్టకు వేళకి నూకలు వేసింది, నీళ్లు పెట్టింది. సాయంత్రాలు అది మేతకు దిగినప్పుడు ఒక్కో గుడ్డు తీసి చెవికి ఆనించుకునేది. అమ్మవారు తలుచుకుంటే ఏమైనా జరగొచ్చని నేనూ దండం పెట్టుకున్నాను. ఉరిమినప్పుడల్లా పరుగెత్తుకెళ్లి మేకు ఉందో లేదో చూసేదాన్ని.

ఇరవై ఒకటో రోజు వెళ్లింది, ఇంకో మూడు రోజులూ ఆగారు. మామ్మ గుడ్లు పెరట్లోకి తీసుకెళ్లి ఒక్కోటీ రాయికేసి కొట్టింది. పదమూడింట్లోనూ పసుపు నీళ్లే. ఆ కంపుకి అందరూ ముక్కు మూసుకున్నారు. "సూసినారా దీని సెయ్యి!" అంది మామ్మ. బాబాయి కండువా దులుపుకుని పొలం వెళ్లిపోయాడు. చిన్నమ్మ పెంకులన్నీ ఏరి అరటి మొదట్లో కప్పెట్టింది. పెట్ట మాత్రం ఖాళీ బుట్టలో మూడు రోజులు అలాగే కూర్చుంది.

దసరా వెళ్లాక చిన్నమ్మను వాళ్ల అన్నయ్య వచ్చి తీసుకెళ్లాడు. బండెక్కే ముందు నన్ను దగ్గరకు తీసుకుని, "అరటికి పిలకలు ఎక్కువైతే తవ్వి వేరే నాటు. నేకపోతే గెల సన్నమైపోద్ది" అంది.

మాఘంలో బాబాయికి మళ్లీ పెళ్లి చేశారు. అప్పటికి మామ్మ రాజాం సంతలో కొత్త పుంజును కొనిపించింది. కొత్త పిన్ని చేత పదమూడు గుడ్లు పొదగేయిస్తే పదకొండు పిల్లలు లేచాయి. "సేతి సలవంటే ఇదీ" అని ఊరంతా చెప్పుకుంది. ఇంటి కప్పు మీద ఆ పుంజు గొంతు చించుకుని కూస్తూనే ఉంది, నేను మాత్రం అప్పుడూ నోరు విప్పలేదు. కొత్త పిన్నికీ పిల్లలు పుట్టలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. జీవితమంతా కోళ్ల మధ్య గడిపిన మామ్మకు పుంజు సంగతి నిజంగా తట్టలేదా, తెలిసే ఆ పని చేసిందా అన్నది ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడు ఆ తోట లేదు, ఇల్లు లేదు. గోగు నానేసే వాళ్లు లేరు, అడ్డచుట్ట కాల్చే వాళ్లూ లేరు. చిన్నమ్మ పుట్టింట్లోనే కన్నుమూసిందని చాలా ఏళ్ల తర్వాత ఎవరో చెబితే తెలిసింది. నూతి పక్క అరటిపొదను చదును చేసినప్పుడు ఒక్క పిలక కూడా తెచ్చుకోలేకపోయాను.

బయట ఉరుముతోంది. అలవాటు చావక ట్రే వంక చూశాను. ఈ ముప్ఫై గుడ్లూ పుంజు మొహం చూడని పెట్టలు పెట్టినవే. వీటిలో ఒక్కటీ పిల్ల కాదు. అందుకు ఎవరూ ఎవరినీ ఏమీ అనరు.