కోతల మేస్త్రి కూర్చున్న రెండో సీటు

మా నాన్న కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించేవాడు. పొద్దంతా పరాయివాళ్ళ చూపు సరిచేసి, ఇంటికి రాగానే భూతద్దం పట్టుకుని రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి బాంబర్ విమానం ఫొటోల ముందు కూర్చునేవాడు. ఇరవై ఏళ్ళు అదే వరస. కుళాయి కారుతోందని అమ్మ మూడు నెలలు మొత్తుకున్నా చెవికెక్కేది కాదు గానీ, రెక్క మీద రేకు బిగించే రివెట్ ఒకటి తక్కువ కనిపిస్తే మాత్రం అన్నం సయించేది కాదు.

ఈ పిచ్చికి కారణం మా తాతయ్య. ఆయన వడ్రంగి. యుద్ధం రోజుల్లో విమానాల షెడ్డులో పనిచేశాడు. బాంబర్‌లో తుపాకులు పీకేసి, ఆ కంతలు చెక్కతో మూసి, పైలట్ పక్కన ఇంకో సీటూ ఇంకో స్టీరింగూ పెట్టి, కొత్తవాళ్ళకు నడపడం నేర్పేవాళ్ళని చెప్పేవాడు. ఆ రెండో సీట్లో కూర్చుని ఒకసారి తానూ గాల్లోకి లేచానని కూడా అనేవాడు. ఇనప విమానంలో చెక్కపనేమిటని జనం నవ్వారు. కోతల మేస్త్రి అని పేరు పడింది. ఆయన పోయినా పేరు పోలేదు.

నానమ్మకు తొంభై దాటాయి. ఆవిడ ఉండగానే తాతయ్య మాట నిజమని రుజువు చెయ్యాలని నాన్న పంతం. పుస్తకాల్లో ఆ బాంబర్ రకాలు పదకొండు ఉన్నాయి. రెండు స్టీరింగులున్నది ఒక్కటీ లేదు. సెలవు దొరికినప్పుడల్లా పాత రికార్డుల ఆఫీసుకు వెళ్ళి విమానాల రిజిస్టర్లన్నీ తిరగేశాడు. అక్కడి గుమాస్తా ఆయన్ని చూడగానే కుర్చీ తుడిచి వేసేవాడు. ఆ మర్యాద ఇంట్లో ఎప్పుడూ దొరకలేదు పాపం.

ఒకరోజు నాకు ఒళ్ళు మండింది.

"తాతయ్య వడ్రంగి కదా నాన్నా, విమానాల రిజిస్టర్లలో వెతుకుతావేంటి? చెక్కపని కాగితాలు చూశావా?"

నాన్న భూతద్దం కింద పెట్టేశాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆయన పని. బాంబులు వెయ్యని బాంబర్‌ని కొత్త రకమని ఎవరూ రాసుకోలేదు. షెడ్డువాళ్ళకు అదంతా ఉత్త మరమ్మతు.

మర్నాడు గుమాస్తా వడ్రంగి పని చీటీల కట్ట దులిపి ఇచ్చాడు. అందులో అలా మార్చిన విమానాలు ఆరున్నాయి. ఒక చీటీ మీద ఇలా ఉంది: "రెండో సీటు ఊగుతోందని ఫిర్యాదు. వడ్రంగిని అందులో కూర్చోబెట్టి గాల్లో తిప్పి చూపించాం. దిగాక బాగుచేశాడు." కింద తాతయ్య వంకర సంతకం.

నాన్న జిరాక్స్ తెచ్చి, నానమ్మ మంచం పక్కన కూర్చుని చదివాడు. ఆవిడ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు.

"చూశావా అమ్మా, నాన్న అబద్ధం చెప్పలేదు."

నానమ్మ దుప్పటి అంచు సవరించుకుంది.

"ఆ రోజు చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడ్రా. అందరికంటే ముందు నాకే చెప్పాడు. నేను నవ్వి, కోతల మేస్త్రి అన్నాను. పక్కింటావిడ విన్నది."

నాన్న కాగితం మడిచి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఆ తర్వాత ఏ సంగతీ ముందు నాకు చెప్పలేదు," అంది నానమ్మ.