పలుపు లేని పడవ

నా చిన్నప్పుడు మా ఊళ్లో పడవను కళ్లతో చూసినవాళ్లు లేరు. వానకోసం కప్పలకు పెళ్లి చేసిన ఊరు మాది. అలాంటి చోటికి కాలువ తవ్వి, ఎక్కడో పారే కృష్ణ నీళ్లు తెచ్చి డ్యాములో నింపారు. నీళ్ల వెనక చేపలు, చేపల వెనక పడవలు వచ్చాయి. మా ఆయన తాడిపత్రిలో బండలు పాలిష్ చేసి చేసి, ఛాతీ నిండా ఆ దుమ్ము నింపుకొని ఇంటికి చేరింది కూడా ఆ రోజుల్లోనే.

పార పడితే దగ్గు. సైకిలెక్కితే దగ్గు. కూర్చొని చేసే పని చూసుకోమన్నాడు డాక్టరు. మా ఊళ్లో కూర్చొని చేసే పనులు ఉన్నోళ్లకే ఉంటాయి, ఆ సంగతి ఆయనకెవరు చెప్పాలి? నేనే ఆలోచించి, "తెడ్డు నేనేస్తా, నువ్వు వల చూసుకో" అన్నాను. చెవుల్లో ఉన్నవి కుదువపెట్టి పాత పడవ ఒకటి కొన్నాం.

అమ్మిన పెద్దాయనది డ్యాముకు అవతలి గట్టు ఊరు. ఆయనా ఒకప్పుడు శనక్కాయ రైతే. బోరు ఎండిపోతే ఎద్దులను అమ్మేసి పడవ కొన్నాడు. గుండె జబ్బు వచ్చి నీళ్ల మీదికి పోవద్దన్నారని ఇప్పుడు దాన్నీ అమ్ముతున్నాడు. బేరం సంతలో ఎద్దుల బేరంలాగే జరిగింది. తువ్వాలు కింద మా ఆయన చేయి, పెద్దాయన చేయి కలిశాయి. వేళ్లు మాట్లాడుకున్నాయి. మాట కుదిరాక పెద్దాయన పడవ ముక్కుకు కట్టిన తాడు విప్పి, చుట్టచుట్టి భార్య చేతికిచ్చాడు.

"ఏమనుకోవద్దప్పా, పలుపు మాత్రం ఇయ్యను. పలుపు పోతే ఇంట్లో లక్ష్మి పోతాది" అన్నాడు.

పలుపంటే పశువు మెడకు కట్టే తాడు. మా సీమలో ఆవునో ఎద్దునో అమ్మినవాడు ఆ తాడు విప్పి తన ఇంట్లోనే ఉంచుకుంటాడు. కొన్నవాడు తన తాడుతో తోలుకుపోతాడు. పడవకు కూడా పలుపేమిటని నాకు నవ్వొచ్చింది. మా ఆయన మాత్రం నవ్వలేదు. "సరేన్నా, అది న్యాయమే" అని, భుజం మీద ఉన్న కొత్త తాడు తీసి కట్టాడు. ముందే తెచ్చుకున్నాడు మహానుభావుడు! కాగితం రాయించుకోవాలన్న ఊహ మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. ఎద్దును కొంటే కాగితం ఎవరు రాయించుకుంటారు?

ఆ ఎండాకాలంలోనే పెద్దాయన పోయాడు. తర్వాత కొన్నాళ్లకు డ్యాములో పడవలన్నీ రిజిస్టరు చేయించాలని, నంబరు లేని పడవ నీళ్లలో ఉండకూడదని చేపల ఆఫీసు నుంచి చాటింపు వచ్చింది. మేం ఆ ఆఫీసుకు వెళ్లాం. ఆఫీసరు కోస్తా నుంచి వచ్చినవాడు, కసురుకునే మనిషి కాదు. "కొన్నట్టు రాతకోతలేమైనా ఉన్నాయామ్మా?" అని అడిగాడు. లేవన్నాను. అమ్మినాయన తరఫు వాళ్లను తీసుకొచ్చి చెప్పిస్తే చాలన్నాడు.

తరఫు మనిషిగా పెద్దాయన తమ్ముడొచ్చాడు. వచ్చి అడ్డం తిరిగాడు.

"మా అన్న పడవ అమ్మలేదు సార్. బాడుగకిచ్చినాడు. అమ్మింటే తాడు మా ఇంట్లో ఎందుకుంటాది? దూలానికి యాలాడతాండాది, కావాలంటే వచ్చి చూడండి."

ఆఫీసరు మా వైపు తిరిగాడు. "తాడు లేకుండా పడవెవరు అమ్ముతారమ్మా? మా వైపు తాడూ తెడ్డూ అన్నీ కలిపే ఇస్తారు" అన్నాడు. ఆయన మాటలో ఆయనకు తెలిసిన న్యాయం ఉంది. తమ్ముడికి మాత్రం మా న్యాయం తెలుసు. తెలిసే అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆడమనిషి గొంతు పెద్దదైతే అబద్ధమే అనుకుంటారేమో, అందరూ నన్నే చూశారు. మా ఆయన జవాబు చెప్పబోయి దగ్గు తెరలో మునిగిపోయాడు.

పడవను ఒడ్డుకు లాగి బోర్లించారు. తేల్చుకొచ్చేదాకా నీళ్లలోకి దించకూడదన్నారు. మా ఆయన రోజూ పోయి దాని నీడన కూర్చొనేవాడు. ఇంట్లో రాగులు అడుగంటాయి. నేను కూలికి పోయి పార పట్టడానికి సిద్ధమైతే, "నేనొస్తా" అని లేచాడు. ఆయన పార పడితే ఎన్నాళ్లుంటాడో నాకు తెలుసు. భయమేసింది. ఆ భయంతోనే అవతలి గట్టుకు నడిచిపోయాను.

పెద్దాయన భార్య మూల కూర్చొని ఉంది. భర్త పోయిన మనిషి గడప దాటకూడని రోజులవి. ఉండేది మరిది పంచన, తినేది మరిది తిండి. దూలానికి తాడు చుట్ట కనిపిస్తూనే ఉంది. ఏం అడగాలో తెలియక ఏడ్చేశాను.

"నేను ఎదురొస్తే నీ పని చెడతాది గదమ్మా" అందామె.

"చెడేదానికి ఇంగేం మిగిలిందక్కా? శకునం చూసుకుంటా కూచుంటే నా మొగుని దగ్గు ఆగుతాదా?" అన్నాను.

ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. నేను తిరిగి వచ్చేశాను. ఆశ వదులుకున్నాను కూడా.

ఆఫీసరు మళ్లీ రమ్మన్న రోజున తమ్ముడు మాకంటే ముందే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మేం పోయిన కాసేపటికి గేటు దగ్గర ఆమె కనిపించింది. బోసి నుదురు, కొంగు తలమీదికి లాక్కొని, భుజాన తాడు. దారిలో ఉన్నవాళ్లు పక్కకు తప్పుకున్నారు. తమ్ముడు లేచి, "వదినా, నువ్వు యాడికొచ్చినావు?" అన్నాడు. ఆమె అతనివైపు చూడలేదు. తాడు తెచ్చి ఆఫీసరు బల్ల మీద పెట్టింది.

"సార్, బాడుగకిచ్చే ఎద్దును పలుపుతోనే తోలిస్తాం. మళ్లీ మన ఇంటికి రావాల గదా. పలుపు ఇప్పుకున్నామంటే ఇంగ అది మనది కాదని. ఆయన తన చేత్తోనే ఇప్పి నాకిచ్చినాడు. పడవ ఈళ్లదే."

ఆఫీసరు తమ్ముణ్ని అడిగాడు, "మీ వైపు ఇదే ఆచారమా?" అతను తల వంచుకున్నాడు. సంతకు ఎద్దులను తోలిన మనిషే కదా అతనూ.

ఆమె చెప్పినట్టు రాసుకొని వేలిముద్ర వేయించుకున్నారు. నంబరు ఇస్తామన్నారు. మా ఆయన గోడ పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. తమ్ముడు వదినను పిలవకుండానే బండెక్కి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో ఇక ఆమెకు ముద్ద ఎవరు పెడతారు?

బయటికొచ్చాక ఆమె తాడు నా ముందుకు చాపింది.

"ఇది గూడా తీసుకపోమ్మా. పలుపు పెట్టుకుంటే లక్ష్మి ఉంటాదన్నాడు. ఆయనే పోయినాడు. ఇంగ మా ఇంట్లో కట్టేసుకోను ఏముండాది?"

నేను తాడు తీసి మళ్లీ ఆమె భుజాన వేశాను. "నేను తీసుకుంటే నువ్వు అమ్మినట్టు కాదక్కా" అన్నాను. "పడవ మళ్లీ మీదే అయిపోతాది."

ఆమె నా ముఖంలోకి చూసింది. అంతసేపూ తడవని కళ్లు అప్పుడు తడిశాయి. తాడును రెండు చేతులతో పట్టుకొని నిలబడింది.

"ఈ పొద్దు మా ఇంటికి రాక్కా" అన్నాను. ముగ్గురం కలిసి బస్టాండుకు నడిచాం.