హ్యాండిలు టౌను వైపు

శింగనమల చుట్టుపక్కల సైకిలు తొక్కడంలో నన్ను మించిన మొనగాడు లేడు. నా వెనక వచ్చే గాలి కూడా ఆయాసపడి దారిలో కూర్చునేది. తొమ్మిదో తరగతిలో బడి మానేసింది కూడా అందుకే; అంత వేగం గలవాణ్ణి గదిలో పెడితే గోడలు ఆగుతాయా? అయినా ఇప్పుడు చెప్పేది నా గొప్ప కాదు, పంక్చర్ల నబీ రసూల్ గొప్ప. మధ్యలో నాది తగిలితే సర్దుకుపొండి.

మెయిన్ రోడ్డు మీద, మా క్రాసులో ఆయనది రేకుల అంగడి. చుట్టూ పల్లెల వాళ్లం ఊరి నుంచి సైకిలు తొక్కుకొచ్చి, ఆయన దగ్గర పెట్టి, అనంతపురం బస్సెక్కి పనులకు పోయేవాళ్లం. ఎండకు మేము అంగడి వెనక నీడలో ఉంటే డ్రైవర్లకు మనుషులు కనపడరు, సైకిళ్లే కనపడతాయి. ఆపితే ఒక్కోసారి ఎక్కేవాళ్లు ఉండరు, సైకిళ్లు ఎప్పుడో బస్సెక్కి పోయినవాళ్లవి. అందుకని నబీ రసూల్ ఒక పద్ధతి పెట్టాడు. మనిషి బస్సు కోసం ఉంటే సైకిలు హ్యాండిలు టౌను వైపు. ఎక్కిపోతే ఆయనే ఊరి వైపు తిప్పేస్తాడు. డ్రైవర్లు దూరం నుంచే హ్యాండిళ్లు చూసి బ్రేకు వేసేవాళ్లు. మనిషి రాకముందు ఆయన ఎవరికోసమూ టౌను వైపు తిప్పలేదు.

తొంభైతొమ్మిదిలో నాకు టౌనులో అక్బర్ భాయ్ లేతు షాపులో పని దొరికింది. దొరికింది గానీ ఆలస్యాలు ఎక్కువయ్యాయి. “రేపు గూడా లేటయితే ఆడ్నే ఉండుపో” అన్నాడు భాయ్ ఒకరోజు. ఇంట్లో నా భార్య మారెక్క ఇంకా కొత్త పెళ్లికూతురు. ఈ పని కూడా పోతే మామ ముందు తలెత్తలేను. సాయంత్రం దిగగానే నబీ రసూల్‌తో ఈ సంగతి చెప్పుకున్నాను.

మర్నాడు దారిలో తుమ్మముల్లు దిగింది. లారీ టైర్లు సైతం దండం పెట్టే ముల్లు. సైకిలు భుజానేసుకుని పరుగు తీశాను.

అక్కడ క్రాసులో బస్సు వచ్చేసింది. నేను లేను. నబీ రసూల్ తన సొంత సైకిలు రోడ్డంచుకు తెచ్చి, హ్యాండిలు టౌను వైపు తిప్పి నిలబెట్టాడు. డ్రైవరు రామదాసు ఆపాడు.

“ఎవురప్పా ఎక్కేది?”

“వస్తాండాడన్నా. అదో, ఆ దుమ్ము కనపడ్తాలేదా? ఆయప్పే. గాలి మాదిరి తొక్కుతాడు.”

నా కోతలన్నీ పాపం నమ్మేశాడు. బస్సంతా కిటికీల్లోంచి తొంగి చూసింది. చెట్టూ చేమా లేని బయలు, దుమ్ము అంతకంతకూ పెద్దదవుతోంది.

“ఒక్క సైకిలుకు ఇంత దుమ్మా?” అంది కూరగాయల గంపతో కూర్చున్న ఆంజినమ్మ.

“వాని తొక్కుడు అట్లుంటాదిలే అక్కా.”

దుమ్ములోంచి మేకలు వచ్చాయి. తిప్పన్న మంద. బస్సు బస్సంతా నవ్వింది.

“ఏమప్పా, మేకలకు గూడా టికెట్టు కొట్టల్లా?” అన్నాడు రామదాసు. “హ్యాండిలు తిప్పు, పోతా.”

నబీ రసూల్ ముఖం ఎర్రబడింది. హ్యాండిలు మీద చెయ్యి వేశాడు, తిప్పలేదు.

“తిప్పనన్నా. వచ్చేవాడు ఉండాడు.”

రామదాసు గేరు మీద చెయ్యి పెట్టి ఆ హ్యాండిలునే చూస్తూ ఉండిపోయాడు. అంతలో మేకల వెనక, సైకిలు భుజాన, నేను. మేకలే నన్ను మోసుకొచ్చాయని తరువాత చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు.

“గాలి మాదిరి వస్తావనుకుంటే మేక మాదిరి వచ్చినావే” అంటూ నబీ రసూల్ సైకిలు లాక్కుని, నన్ను వీపు మీద తోసి బస్సెక్కించాడు.

షాపులో అక్బర్ భాయ్ గడియారం చూశాడు, నన్ను చూశాడు, చేతికి పానా ఇచ్చాడు. ఆ పానాయే ఇవాళ నా సొంత షాపు. సాయంత్రం దిగేసరికి నా సైకిలు పంక్చరు వేసి, గాలి కొట్టి, ఊరి వైపు తిరిగి ఉంది.

ఇప్పుడు నాకు మోటారుసైకిలుంది. క్రాసు దాకానే దాని మీద వస్తాను, అక్కణ్ణించి బస్సు.

“బండి పెట్టుకోని బస్సెక్కుతావు, పెట్రోలుకు దుడ్లు లేవా మొనగాడా?” అంటాడాయన.

“నువ్వు హ్యాండిలు తిప్పకుంటే నాకు పని జరగదు రసూలన్నా.”

బస్సు కదిలాక వెనక కిటికీలోంచి చూస్తాను. ఆ బరువైన బండిని ఆయనొక్కడే రొప్పుతూ ఊరి వైపు తిప్పుతుంటాడు. వేరే ఎవరినీ ముట్టనివ్వడు.