అన్నం కూత

తెక్కలకోట అవతల తుంగభద్రకు అడ్డంగా కట్టిన చిన్న బ్యారేజీలో హుసేనప్ప ఉద్యోగం సైరన్ మోగించడం. నదిని అక్కడ ఆపి కాలవలోకి మళ్లిస్తారు. అది కరెంటు యంత్రాలు తిప్పి, కూలి అడగకుండా, కిందెక్కడో మళ్లీ నదిలో కలుస్తుంది. ఈ మధ్య దూరంలో నదికి మిగిలింది ఇసుక, జంబుగడ్డి, సన్నటి పాయలు. యంత్రాలు ఆగితే మాత్రం కాలవలో నీళ్లకు దారి ఉండదు. బ్యారేజీ నిండుతుంది, గేట్లు వాటంతటవే లేస్తాయి, నది తన పాత చోటికి చెప్పాపెట్టకుండా వచ్చేస్తుంది. ఆ చెప్పే బాధ్యతే హుసేనప్పది.

సైరన్ పలుకుతుందో లేదో రోజూ ఒకసారి చూడాలని నియమం. హుసేనప్ప ఆ నియమాన్ని శిరసావహించి, తనకు ఆకలైనప్పుడు చూసేవాడు. కింద జంబు కోసే ఆడవాళ్లు అది వినగానే కొడవళ్లు పక్కన పెట్టి సద్దులు విప్పేవారు. ఏళ్లు గడిచేసరికి ప్రమాద హెచ్చరిక ఆ చుట్టుపక్కల 'అన్నం కూత'గా స్థిరపడింది. ఆయనకు అందులో కొంత గర్వం కూడా ఉండేది. ఆ కోసేవాళ్లలో ఆయన భార్య ఉచ్చెంగమ్మ ఒకతె.

మొన్న కార్తీకంలో, ఆయనకింకా ఆకలి పుట్టకముందే, ఎక్కడో లైను తెగి యంత్రాలు ఆగాయి. నీటిమట్టం ఎర్రగీత వైపు పాకుతోంది. హుసేనప్ప సైరన్ మోగించాడు. కింద ఆడవాళ్లు లేచి, చేతులు కడుక్కొని, ఇసుకలో గుండ్రంగా కూచున్నారు.

మళ్లీ మోగించాడు. కోసేవాళ్లలో ఒకతె, దుర్గక్క, తలెత్తి చూసి, రొట్టె తుంచింది. భార్యకు ఫోను చేశాడు. అది ఒడ్డున మూటలో మోగి మోగి ఊరుకుంది.

అప్పుడు మెట్లు దిగి పరుగెత్తాడు. ఉద్యోగి అని ఇసుక ఎవరినీ గౌరవించదు. వెనక్కి చూస్తే గేట్ల అడుగున తెల్లటి గీత.

"గేట్లు లేస్తాండాయి. బేగ లెయ్యండి," అన్నాడు రొప్పుతూ.

"ఏందప్పా, దినామూ పైనుంచి కూసేటోనివి, ఈ పొద్దు బంతికాడికే వచ్చి పిలుస్తాండావే," అంది దుర్గక్క.

ఉచ్చెంగమ్మ మొగుడి మొహం చూసి నమ్మింది. నమ్మినా లేవలేదు. తినే కూటిమీదినుంచి మధ్యలో లేవడం ఆ ఊళ్లో లేదు. చావు కబురు తెచ్చినవాడు కూడా ఇంట్లోవాళ్లు చెయ్యి కడిగేదాకా వాకిట్లోనే నిలబడతాడు. అయిపోవచ్చింది, నిలబడమంది ఆమె.

పక్కనున్న పాయ రంగు మారింది. ఎండు జంబు తేలుతూ వచ్చింది.

భార్య వంటకు ఏనాడూ వంకపెట్టని హుసేనప్ప వంగి, దోసిళ్లతో ఇసుక ఎత్తి గిన్నెల్లో పోశాడు. పుంటికూరలో, మజ్జిగలో, దుర్గక్క చేతిలోని రొట్టెమీద.

అందరూ లేచారు, కొడవళ్లతో సహా. ఆయన ఒడ్డువైపు పరుగెత్తాడు, వాళ్లు తరిమారు. జాలితుమ్మలు దాటి గట్టు పైదాకా తరిమారు. అక్కడ దుర్గక్క ఆయన కాలరు దొరకబుచ్చుకుంది. అదే సమయానికి వెనక నది వచ్చింది. గిన్నెలు లేవు, కోసిన మోపులు లేవు, కూచున్న చోటు లేదు. కాలరు వదలడం దుర్గక్క మరిచిపోయింది.

ఉచ్చెంగమ్మ చాలాసేపు నీళ్లవైపే చూసింది. పాణాలు నిలబెట్టినావు, ఆ మాట కాదననంది.

"అయినా కూట్లో మన్ను పోస్తివి గదా. ఈ దినం నువ్వు ఒక్కపొద్దు ఉండల్ల."

"ఉంటా," అన్నాడు హుసేనప్ప.

"నేనూ ఉంటా. లెయ్యమంటే లెయ్యకుంటి."