బాపు కంచం ముందు టెస్ట్‌ట్యూబ్

మొన్న మనవరాలికి సూది వేయించడానికి వెళ్తే, నర్సు దూది మీద స్పిరిట్ వంపింది. ఆ వాసన తగలగానే, అక్కా అన్నట్టు నేను ఆపా అని పిలిచే జుబేదా నా కళ్ళ ముందుకొచ్చింది. డెబ్బైలలో, బహదూర్‌పురాలో ఒక చిన్న ల్యాబులో నేను పనికి కుదిరినప్పుడు ఆమె నా పైఅధికారి. అధికారి అంటే దర్పం ఊహించుకోకండి, అక్కడ ఉన్నది మేమిద్దరమే. షుగరు చూడాలంటే అప్పట్లో నీలం మందులో కొన్ని చుక్కల మూత్రం వేసి స్పిరిట్ దీపం మీద కాచేవాళ్ళం. రంగు నీలంగానే ఉంటే షుగరు లేనట్టు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకు తిరిగితే బాగా ఉన్నట్టు.

పని నేర్చిన నెలకే నాకు కొమ్ములొచ్చాయి. బస్సు డిపోలో మెకానిక్ అయిన మా బాపుకు షుగరు. కాలి బొటనవేలికి రేకు గీరుకుని పడిన పుండు రెండు నెలలైనా మానలేదు. ఇంకో నెల చూసి వేలు తీసేస్తామన్నాడు డాక్టరు. నాకు భయం పట్టుకుంది. ఆపాను అడిగి దీపం, టెస్ట్‌ట్యూబ్, మందుసీసా ఇంటికి తెచ్చాను. అమ్మ వాటిని వంటింటి ఛాయలకు రానివ్వలేదు కాబట్టి వరండాలోనే నా కచేరీ. సాయంత్రం బాపు డ్యూటీ దిగగానే పరీక్ష. రంగు బాగుంటే అన్నం, ఎర్రబడితే గ్లాసుడు మజ్జిగ. ఖాళీ కంచం ముందు కూర్చుని ఆయన దీపం వంకే చూసేవాడు. ఎంత కట్టడి చేసినా రంగు ఎర్రగానే వచ్చేది. దొంగతిండి తింటున్నావని నేను, లేదని ఆయన, డబ్బాలకు తాళాలేస్తూ అమ్మ. ఇంట్లో రోజూ రభసే.

ఒకరోజు ల్యాబులో ఆపాకు చెప్పుకుని ఏడ్చాను. మర్నాడు సాయంత్రం ఆమె నేరుగా మా ఇంటికొచ్చింది. నేను దీపం వెలిగిస్తుంటే బాపు కంచం పక్కకు నెట్టి ముడుచుకుని కూర్చోవడం గమనించి, మూతపెట్టి దీపం ఆర్పేసింది.

"సుజాతా, తిండి ఒక్కటే కాదు, ఫికర్, రంది గూడ షుగర్ పెంచుతది. గిట్ల రోజూ భయపెడితే ఎట్ల తగ్గుతది?" అని, బాపు వైపు తిరిగింది. "అన్నా, నిజం చెప్పున్రి. డిపోల ఏం తింటున్రు?"

బాపు తల ఎత్తలేదు. "ఏం జెయ్యాలె చెల్లె, ఇంట్ల బుక్కెడు బువ్వ దొరుకుతలేదు. ఆకలికి ఆగలేక చాయ్‌ల బన్ను ముంచుకొని తింటున్న. సాయంత్రమైతె ఇంటికి రావాల్నంటె గుండె దడదడ అంటది."

సిగ్గుతో చచ్చిపోయాను. నా భయాన్నంతా ఆయన నెత్తిన పెట్టి, దానికి వైద్యమని పేరు పెట్టుకున్నాను.

ఆ పూట ఆపా తనకూ ఒక కంచం అడిగి బాపు పక్కనే కూర్చుంది. గరిటెడు అన్నం, పప్పు, దానికి రెండింతలు ఆకుకూర. రోజూ ఒకే వేళకు అందరితో కలిసి తినమంది, చాయ్‌లో చక్కెర మానమంది, మాత్రలు మానొద్దంది. రంగుతో పాటు ఆ రోజు ఏం తిన్నాడో, ఇంట్లో ఏం జరిగిందో రాయమని నాకు చెప్పింది. పది రోజులకే నాకూ తెలిసొచ్చింది. అదే తిండి తిన్నా, ప్రశాంతంగా గడిచిన రోజు ఆకుపచ్చ, గొడవపడ్డ రోజు పసుపు. నెల తిరిగేసరికి పుండు ఎండుముఖం పట్టింది. డాక్టరు ఇక వేలు మాట ఎత్తలేదు.

రంజాన్ పండుగకు బాపు తన కాళ్ళ మీద నడిచి ఆపా ఇంటికొచ్చాడు. ఆమె చిన్న కప్పులో పాలు, సేమ్యాతో చేసిన తియ్యటి షీర్‌కుర్మా రెండు చెంచాలు ఇచ్చింది. బాపు చెంచా ఎత్తి, ఆగి, తినొచ్చా అన్నట్టు నా మొహంలోకి చూశాడు. ఏ తండ్రికీ కూతురి అనుమతి కోసం అలా చూడాల్సిన గతి పట్టకూడదు. ముప్పై ఏళ్ళు షుగరు పరీక్షలే చేశాను. ఎవరి చేతికి రిపోర్టు ఇవ్వబోయినా ఆ చూపు గుర్తొచ్చి, ముందు వాళ్ళను కూర్చోబెట్టి ఇంటి సంగతులు అడిగేదాన్ని.