ఉప్పు లేకుండా తేలిన గుడ్డు

ఏది తూచినా ముందు ఖాళీ గిన్నె తూచేవారు, మా పక్కింటి సైన్సు టీచరుగారు. ఆ ఏడాది విత్తనాలు నేనే శుద్ధి చేస్తానని రామచంద్రపురమంతా చాటాను. గుడ్డు తేలేదాకా నీళ్ళలో ఉప్పు కలిపి వడ్లు పోస్తే గింజ నిండని తాలు పైకి తేలుతుంది, గట్టి విత్తనం మునుగుతుంది. నా గుడ్డు ఉప్పు లేకుండానే తేలింది!

“ఉప్పు దండగండీ,” అన్నాను టీచరుగారితో.

ఆవిడ ఖాళీ సీసా తూచారు. ఆ నీళ్ళు లీటరు పట్టి మళ్ళీ తూచి, సీసా బరువు తీసేశారు.

“సాంద్రత లీటరుకి కిలోనే ఉందండి. పదకొండు వందల గ్రాములు దాటాలి. ఇందులో సగమే నిండిన తాలు కూడా మునిగిపోద్ది, నారు సరిగా మొలవదు.”

“మరి గుడ్డు తేలిందిగా?”

ఆవిడ గుడ్డు పగలగొట్టారు. ఆ కంపుకి ధవళేశ్వరం దగ్గర గోదావరి వెనక్కి తిరిగింది.

“కుళ్ళిన గుడ్డు ఉత్త నీళ్ళలోనూ తేలుద్దండి. ఉప్పు తెండి,” అన్నారు, ముక్కైనా మూసుకోకుండా.

తెచ్చాను. నారు దట్టంగా మొలిచింది. అదంతా నా చేతి చలవేనని ఇప్పటికీ చెప్పుకుంటున్నాను.