దున్నని మడిలో మామ

మా మామ ట్రాక్టరెక్కి దున్నుతుంటే భూమికి అవతలివైపు పడుకున్నవాళ్ల మంచాలు కదిలేవి. నమ్మకపోతే మీ ఇష్టం. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల పొలాలన్నీ దున్ని, చివరికి ఆ కుదుపులకే నడుం పోగొట్టుకున్నాడు. పార కూడా ముట్టొద్దన్నాడు డాక్టరు.

ఇంటి వెనక కూరగాయల మడి ఏటా ఆయనే తవ్వేవాడు. ఆ ఏడు మా అత్త దాన్ని తవ్వనే లేదు. గడ్డి మీద పాత అట్టపెట్టెలు విప్పి పరిచి, తడిపి, పైన జానెడు మందాన చివికిన కంపోస్టు పోసి, అందులోనే టమాటా, బీన్స్ నాటింది. అత్త ఎంతవరకు చదివిందో నేనెప్పుడూ అడగలేదు. తిరిగి నన్నడిగితే ఇబ్బంది.

"దున్నే పని వానపాములు చూసుకుంటాయిలే అల్లుడూ. మనం వాటికి తిండి పెడితే చాలు" అంది.

కిటికీ లోపల మంచం మీదున్న మామ విన్నాడు.

"అంటే ఇన్నేళ్లూ నేను చేసింది వానపాముల పనన్నమాట."

నవ్వుతూ అనలేదు. ఆ రోజు నుంచి పెరట్లోకి రావడం మానేశాడు. అత్త పొద్దున్నే గట్టు మీద రెండు గ్లాసుల టీ పెట్టేది. ఒకటి చల్లారిపోయేది.

ఒకరోజు అత్త పాలు తెచ్చేసరికి మామ మడిలో పార మీదికి వాలిపోయి ఉన్నాడు. బీన్స్ వరుస పక్కన మంచమంత మేర తిరగేశాడు. అట్టముక్కలు పైకొచ్చాయి, కంపోస్టు అడుక్కి పోయింది. నడుం పట్టేసి, వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని కూర్చోబెట్టాం. ఏనుగునైనా నేనొక్కణ్ణే ఎత్తగలను గానీ, అత్త సరదా ఎందుకు కాదనాలని ఊరుకున్నాను.

"దున్నకపోతే ఇంక నేనెవర్నే?" అన్నాడు మామ, మట్టివైపు చూస్తూ.

అత్త పార తీసి గోడకి ఆనించింది. "నాకున్నవి రెండు చేతులేనండీ. బుట్టే మోయనా, ఎరువే పరవనా? మోసేది వీడు మోస్తాడు, కాసేపు కోతలు ఆపితే. మీరు కూర్చుని పరవండి."



వాన పడగానే ఆయన తవ్విన మేరంతా కలుపు లేచింది. తవ్వనిచోట పరక లేదు. నేనొక మాట విసరబోతే అత్త నా కాలు తొక్కింది. మామ స్టూలు వేయించుకుని కలుపంతా తనే పీకాడు. తర్వాత కంపోస్టు బుట్ట దగ్గరికి లాక్కున్నాడు. గుప్పెడు తీసి వాసన చూసి, పసిపిల్లకి దుప్పటి సర్దినట్టు మొక్కల చుట్టూ పరిచాడు.

పక్క వరుసలో అత్త తన బుట్ట వంచుతోంది.

"అలా కుమ్మరించకే. కాండానికి తగిలితే కుళ్లిపోతుంది. కాస్త ఎడంగా వెయ్యాలి" అన్నాడు.

ఆ సంగతి ఆయనకి చెప్పిందే అత్త.

"అలాగాండీ? ఏదీ, చూపించండి" అంటూ తన బుట్ట కూడా తెచ్చి ఆయన ముందు పెట్టింది.